ఊడ్చిన పనికి ధర ఎంత? - సేవల ఉత్పత్తిదారు ధరలను లెక్కగట్టే పద్ధతులు

ధరల సూచీలు అనగానే అది అర్థశాస్త్రం చదివినోళ్ల వ్యవహారం, మనకెందుకులే అని పక్కన పెట్టేస్తాం. సంఘాల మీటింగుల్లో జీతాల గురించీ కాంట్రాక్టర్ల దోపిడీ గురించీ గట్టిగానే మాట్లాడతాం. కానీ ఆ జీతం పెరగాలా వద్దా, ఆ కాంట్రాక్టరు బిల్లు ఎంత పెంచుకోవచ్చు, 'ఉత్పాదకత' పెరిగిందా తగ్గిందా అనే వాదనలన్నీ చివరికి ఏదో ఒక సూచీ దగ్గరికే పోయి ఆగుతాయి. అంబేద్కర్ 1923లో అచ్చయిన 'రూపాయి సమస్య' గ్రంథంలో ధరల మట్టం గురించి అంత శ్రమపడి రాసింది ఊరికే కాదు. రూపాయి నిలకడను విదేశీ మారకం రేటుతో కాదు, దేశంలో దానికున్న కొనుగోలు శక్తితో చూడాలని ఆయన వాదన. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూడా ఇదే పట్టుతో సాక్ష్యమిచ్చాడు. కొలమానం ఎవరి చేతిలో ఉందనేది ఆయనకు రాజకీయ ప్రశ్నే.

ఈ వ్యాసంలో మేము ఒక్క విషయం మాత్రమే తీసుకుంటున్నాం. సేవారంగంలో ఉత్పత్తిదారు ధరలను గణాంకశాస్త్రజ్ఞులు ఎట్లా కొలుస్తారు? కంప్యూటర్ సర్వీసులు, బ్యాంకుల ఉదాహరణలతో దీన్ని చెప్పడం మామూలు. మేము ఎక్కువగా పారిశుద్ధ్యం, హౌస్‌కీపింగ్ పనుల నుంచి చెప్తాం. ఎందుకంటే మనవాళ్లు ఎక్కువమంది ఉన్న సేవలు అవే. మురుగుకాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పనిచేసేవారిని నమస్తే పథకం కింద లెక్కించి కేంద్ర ప్రభుత్వం 2024లో బయటపెట్టిన వివరాల ప్రకారం, అప్పటికి నమోదైన సుమారు 38 వేల మందిలో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు. వారిలో ఎస్సీలే మూడింట రెండు వంతుల పైన.

ధర, పరిమాణం, విలువ

ముందుగా ఒక చిన్న లెక్క. విలువ అంటే ధరను పరిమాణంతో హెచ్చవేస్తే వచ్చేది. కిలో బియ్యం 40 రూపాయలు, పది కిలోలు కొంటే విలువ 400. వచ్చే ఏడాది బిల్లు 500 అయితే ధర పెరిగిందా, ఎక్కువ బియ్యం కొన్నామా? ధర విడిగా తెలిస్తేనే చెప్పగలం. దేశ ఆదాయ లెక్కల్లోనూ ఇదే జరుగుతుంది. రూపాయల్లో విలువ సర్వేల నుంచీ కంపెనీల ఖాతాల నుంచీ వస్తుంది. దాన్ని ధరల సూచీతో భాగిస్తే 'నిజ' ఉత్పత్తి వస్తుంది. అంటే ధరను తప్పుగా కొలిస్తే ఉత్పత్తి కూడా తప్పవుతుంది. ఉత్పత్తిని శ్రమతో భాగించి చెప్పే ఉత్పాదకత కూడా తప్పవుతుంది. మనకు ముఖ్యమైన ముడి ఇక్కడే ఉంది.

సూచీలు మూడు రకాలు. వినియోగదారుల ధరల సూచీ ఇంటికి కొనుక్కునేవాడు కట్టిన ధరను చూస్తుంది, పన్నులతో సహా. టోకు ధరల సూచీ సరుకుల మొత్తపు అమ్మకాల ధరను చూస్తుంది. మనదేశంలో ఇది 1939 ఆగస్టు వారం ప్రాతిపదికగా 1942 జనవరిలో మొదలయింది. ఉత్పత్తిదారు ధరల సూచీ మాత్రం తయారుచేసినవాడి చేతికి వచ్చిన ధరను చూస్తుంది. కొనేవాడు కట్టిన పన్ను అందులో ఉండదు. ఇంటివాళ్లు కొన్నారా, ఇంకో కంపెనీ కొన్నదా, ప్రభుత్వం కొన్నదా అన్న తేడా లేదు. ఆసుపత్రి నేలలు తుడిచే పనిని ఏ కుటుంబమూ కొనదు, ఆసుపత్రి కొంటుంది. అందుకే ఆ పని ధర వినియోగదారుల సూచీలో కనిపించదు, ఉత్పత్తిదారు సూచీలోనే కనిపించాలి.

సేవ దగ్గర వచ్చే చిక్కు

సిమెంటు బస్తాకు ధర కట్టడం తేలిక. అదే కంపెనీ, అదే రకం, అదే 50 కిలోలు - నెలనెలా ధర అడిగితే చాలు. సూచీ ప్రాణమంతా 'అదే' అనే మాటలోనే ఉంది. నిరుడు కొలిచిన దాన్నే ఈ ఏడూ కొలవాలి. సేవ దగ్గర ఈ మాట నిలబడదు. లాయరు ఒకే కేసును రెండుసార్లు వాదించడు. ఆడిటరు ఒకే కంపెనీకి ఒకే లెక్క రెండేళ్లు చేయడు. సేవ పుట్టినచోటే ఖర్చయిపోతుంది, గోదాములో నిలవుండదు. పైగా దాని నాణ్యత తూకానికి దొరకదు.

ఈ చిక్కు మీద మాట్లాడుకోవడానికే 1987లో నెదర్లాండ్స్ లోని ఫోర్‌బుర్గ్ పట్టణంలో వివిధ దేశాల గణాంక సంస్థల వాళ్లు కలిశారు. ఆ ఊరి పేరుతోనే ఆ బృందం ఇప్పటికీ నడుస్తున్నది. జపాన్ కేంద్ర బ్యాంకు 1991 నుంచి కార్పొరేట్ సేవల ధరల సూచీ ప్రచురించడం మొదలుపెట్టింది. యూరోపియన్ యూనియన్ 2005లో చేసిన నిబంధనతో సభ్యదేశాలు కొన్ని సేవలకు ఉత్పత్తిదారు ధరలు సేకరించడం తప్పనిసరి అయింది. ఆ జాబితాలో రవాణా, టెలికాం, కంప్యూటర్ సేవలతో పాటు పారిశ్రామిక శుభ్రత, సెక్యూరిటీ, మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీలు కూడా ఉన్నాయి. అంటే ఊడ్పుపని, కాపలాపని అక్కడ కనీసం లెక్కలోకి ఎక్కాయి.

పద్ధతులు ఏమిటి?

ఒకటి, నేరుగా ధర అడగడం. ఉత్తరం తపాలా ఖర్చు, సరుకు రైలు కిరాయి వంటివి రేట్ల పట్టికలోనే ఉంటాయి. ఐతే పట్టికలో ఉన్న ధర ఒకటి, రాయితీలు పోగా నిజంగా తీసుకున్నది ఇంకొకటి. నిజంగా తీసుకున్నదే కావాలి.

రెండు, కాంట్రాక్టు ధర. ఒకే ఆఫీసు, ఒకే విస్తీర్ణం, రోజుకు ఇన్నిసార్లు శుభ్రం చేయాలనే షరతు - ఏడాదులు నడిచే ఒప్పందం. ఆ ఒప్పందం బిల్లును నెలనెలా లేదా మూడునెలలకోసారి తీసుకుంటారు. శుభ్రత, కాపలా పనులకు ఇదే సరయిన పద్ధతి అంటారు.

మూడు, నమూనా ధర. ప్రతి పనీ వేరుగా ఉండేచోట ఒక ఊహా పనిని రాసి పెడతారు. 'ఇటువంటి భవనానికి ప్లాను గీయాలంటే ఈ త్రైమాసికం ఎంత కోట్ చేస్తారు?' అని ఆర్కిటెక్టును అడుగుతారు. ప్రతిసారీ అదే భవనం.

నాలుగు, గంటల లెక్క. లాయర్లు, కన్సల్టెంట్లు గంటకు ఎంత తీసుకుంటారో అడుగుతారు. ఇది తేలిక గనుక ఎక్కువగా వాడతారు. కానీ ఇది పనిచేసిన సమయానికి ధర, పూర్తయిన పనికి కాదు. నిరుడు పది గంటల్లో చేసిన పనిని ఈ ఏడు ఐదు గంటల్లో చేస్తే ఈ పద్ధతికి ఆ సంగతి తెలీదు.

ఐదు, మిగులు లేదా మార్జిన్. టోకు వర్తకుడి సేవ ధర సరుకు ధర కాదు. కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడాయే అతని సేవ ధర. బ్యాంకు విషయంలో అప్పుమీద తీసుకునే వడ్డీకీ డిపాజిట్ మీద ఇచ్చే వడ్డీకీ మధ్య ఒక ఆధార రేటు పెట్టి ఆ తేడాను కడతారు.

ఆరు, ఏదీ దొరకనప్పుడు వేతనమే ధర. జీతం ఎంత పెరిగితే సేవ ధర అంత పెరిగిందని అనుకోవడం. దీని వెనక ఒక ఊహ దాక్కొని ఉంది. పనిచేసేవాళ్ల ఉత్పాదకత ఎప్పటికీ మారదని ముందే ఒప్పేసుకోవడం.

మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీల దగ్గర ఇంకో మెలిక ఉంది. ఏజెన్సీయే కార్మికుడికి యజమాని అయితే మొత్తం బిల్లు దాని సేవ ధర అవుతుంది. మధ్యవర్తి మాత్రమే అయితే కమీషన్ ఒక్కటే ధర. పి.ఎఫ్. కట్టమని కార్మికులు అడిగినప్పుడు యజమాని ఎవరన్నది ఎంత ముఖ్యమో, ధర కట్టేటప్పుడు కూడా అంతే ముఖ్యమన్నమాట.

ఒకే ఆసుపత్రి, నాలుగు జవాబులు

పద్ధతి మారితే జవాబు ఎంత మారుతుందో చూద్దాం. ఇది మేము ఊహించి రాసిన ఉదాహరణ, అంకెలు తేలిక కోసం.

ఒక ఆసుపత్రిలో 50,000 చదరపు అడుగుల నేల. ఒక ఏజెన్సీ 40 మంది కార్మికులతో నెలకు 8,00,000 రూపాయల బిల్లుకు రోజుకు మూడుసార్లు తుడిపిస్తున్నది. కార్మికురాలి చేతికి 12,000. రెండేళ్ల తర్వాత కొత్త టెండరు. బిల్లు 8,40,000. కార్మికులు 36 మంది. చేతికి అదే 12,000. తుడవడం రోజుకు రెండుసార్లు. కానీ ఒప్పందం కాగితం మీద 'ఆవరణ శుభ్రత' అని మాత్రమే రాసి ఉంది.

సేవ ధర ఎంత పెరిగింది?

వేతనమే ధర అనుకునేవాడు సున్నా శాతం అంటాడు. జీతం మారలేదు గదా.

నెలసరి బిల్లు చూసేవాడు 8,00,000 నుంచి 8,40,000 గనుక 5 శాతం అంటాడు.

మనిషికి ఎంత బిల్లు అని చూసేవాడు 20,000 నుంచి 23,333 గనుక 16.7 శాతం అంటాడు.

తుడిచిన ప్రతి చదరపు అడుగుకు లెక్కగట్టేవాడి జవాబు వేరు. మొదట్లో నెలకు 45 లక్షల చదరపు అడుగుల తుడుపు, అడుగుకు 17.8 పైసలు. తర్వాత 30 లక్షలు, అడుగుకు 28 పైసలు. పెరుగుదల 57.5 శాతం.

ఇవి కాకి లెక్కలు కావు. నాలుగూ ఏదో ఒక నియమం ప్రకారమే చేసినవి. కానీ నాలుగింటి నుంచి పుట్టే కథలు వేరు. 5 శాతం తీసుకుంటే ఆసుపత్రికి అందిన సేవ మారలేదని అర్థం. 40 మంది చేసిన పనిని 36 మందే చేశారు గనుక ఉత్పాదకత 11 శాతం పెరిగిందని రిపోర్టు రాస్తారు. ఆ ఖ్యాతి ఏజెన్సీ 'మేనేజ్‌మెంట్'కు పోతుంది. 57.5 తీసుకుంటే అందిన సేవ మూడో వంతు తగ్గింది, మనిషి తలకు తుడుపు కూడా తగ్గింది. రోగి నష్టపోయాడు, జీతం పెరగని కార్మికురాలు నష్టపోయింది. జీతాలు పోగా ఏజెన్సీ దగ్గర మిగిలేది మాత్రం 3,20,000 నుంచి 4,08,000కు పెరిగింది. పి.ఎఫ్., ఈ.ఎస్.ఐ., సామాను, లాభం అన్నీ ఇందులోవే. ఇది 27.5 శాతం పెరుగుదల.

ఏది నిజం? చేతిపుస్తకాలు చెప్పే సూత్రం ప్రకారం చివరిదే సరయినదానికి దగ్గర. సేవ నాణ్యత మారితే ఆ తేడాను ధరలోంచి విడదీయాలి. మరి మూడుసార్లు రెండుసార్లు అయిందని గణాంకాధికారికి ఎవరు చెప్పాలి? ఉత్పత్తిదారు సూచీకి ధర చెప్పేది సంస్థ. ఫారం ఏజెన్సీ ఆఫీసుకు పోతుంది. అక్కడి అకౌంటెంటు నింపుతాడు. పని ఎట్లా మారిందో ఒంటికి తెలిసేది కార్మికురాలికి. ఆమెకు ఏ ఫారమూ రాదు. ఇది ఏ అధికారో కుట్రతో చేసింది కాదు. 'ఉత్పత్తిదారు' అనే మాటకు అర్థం సంస్థ అని నిర్ణయించుకున్న పద్ధతిలోనే ఉన్న లోటు. నేల తుడిచిన చెయ్యి గణాంకాల భాషలో ఉత్పత్తిదారు కాదు, 'ఇన్‌పుట్' మాత్రమే.

పర్మినెంటు పోయి కాంట్రాక్టు వస్తే

మునిసిపాలిటీ చేసే పని దగ్గర ఈ చిక్కు ఇంకా పెద్దది. వీధులు ఊడ్చిన సేవను ప్రభుత్వం ఎవరికీ అమ్మదు, మార్కెట్ ధర ఉండదు. అందుకే అయిన ఖర్చునే ఉత్పత్తి విలువగా తీసుకుంటారు.

మళ్లీ ఒక ఊహా ఉదాహరణ. వందమంది పర్మినెంటు కార్మికులు, తలకు 30,000, మొత్తం 30 లక్షలు. వాళ్లు రిటైరైన చోట వందమంది కాంట్రాక్టు కార్మికులు, ఏజెన్సీ కమీషన్ తో కలిపి తలకు 15,000, మొత్తం 15 లక్షలు. వీధులు అవే, చెత్త అదే. ఖర్చును మామూలు వినియోగదారుల సూచీతో భాగిస్తే పారిశుద్ధ్య సేవ సగానికి పడిపోయినట్టు లెక్క తేలుతుంది. మనుషుల సంఖ్యను బట్టి కొలిస్తే సేవ మారలేదు, ధర సగమయింది. రెండో లెక్కే జరిగిన విషయానికి దగ్గర. అంటే 'పారిశుద్ధ్యం చవకయింది' అనే వాక్యానికి అసలు అర్థం, పర్మినెంటు ఉద్యోగంతో దళిత కుటుంబానికి దొరికిన జీతం, పెన్షన్, పిల్లల చదువు సగానికి కోసేశారని. సూచీ దాన్ని ఒక శాతంగా చూపి ఊరుకుంటుంది.

యంత్రం వచ్చినప్పుడు కూడా ఇంతే జాగ్రత్త కావాలి. హైదరాబాద్ జలమండలి 2017లో దళిత పారిశ్రామికవేత్తల సంఘం తోడ్పాటుతో 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను మురుగుకాల్వల పనికి దింపింది. గంటల లెక్కన కొలిస్తే యంత్రం గంట, మనిషి గంటకంటే ఖరీదు, కాబట్టి ధర పెరిగినట్టు కనిపిస్తుంది. శుభ్రమైన మ్యాన్‌హోల్ లెక్కన కొలిస్తే సంగతి వేరు. అసలు ఆ రెండూ ఒకే సేవ అని పక్కపక్కన పెట్టవచ్చునా అన్నది కూడా ప్రశ్నే. రక్షణ లేకుండా మనిషిని మురుగుకాల్వలో, సెప్టిక్ ట్యాంకులో దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అట్లా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబర్ తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది. పాత 'చవక' ధరలో ఈ ప్రాణం ఖర్చు ఎప్పుడూ లేదు. దాన్ని ప్రాతిపదిక ధరగా తీసుకొని యంత్రం ఖరీదు అనడం నేరాన్ని కొలమానంగా పెట్టుకోవడమే.

మనదేశంలో సంగతి

మన జాతీయ ఆదాయంలో సగానికి పైగా సేవారంగం నుంచే వస్తున్నది. కానీ 2017 మేలో విడుదలైన 2011-12 ప్రాతిపదిక టోకు ధరల సూచీలో 697 అంశాలుంటే సేవ ఒక్కటీ లేదు. ప్రాథమిక సరుకులకు 22.62, ఇంధనానికి 13.15, తయారీ వస్తువులకు 64.23 శాతం భారాలు - అక్కడికి వంద పూర్తి. రైల్వే, తపాలా, టెలికాం, బ్యాంకింగ్ వంటి కొన్నింటికి ప్రయోగాత్మకంగా సేవల సూచీలు తయారుచేశారు. టోకు సూచీ నుంచి ఉత్పత్తిదారు సూచీకి మారడం గురించి 2014లో బి.ఎన్. గోల్డార్ అధ్యక్షతన బృందం వేశారు, అది 2017లో నివేదిక ఇచ్చింది. 2025 జనవరిలో రమేశ్ చంద్ అధ్యక్షతన ఇంకో బృందం వేసి, 2022-23 ప్రాతిపదికతో పాటు ఉత్పత్తిదారు సూచీకి దారి చూపే పని కూడా అప్పగించారు.

సేవలకు సొంత సూచీ లేనందువల్ల ఏం జరిగింది? 2011-12 ప్రాతిపదిక జాతీయ ఆదాయ లెక్కల్లో సేవల విలువను టోకు సూచీతోనో వినియోగదారుల సూచీతోనో భాగించారు. ముడిచమురు ధర పడితే టోకు సూచీ పడుతుంది. దాంతో భాగిస్తే సేవల 'నిజ' ఉత్పత్తి ఉబ్బినట్టు కనిపిస్తుంది, ఎవరూ ఎక్కువ పని చేయకపోయినా. ఒప్పందాల్లోనూ అంతే. జాతీయ రహదారి టోల్ ఒక సేవకు కట్టే రుసుం. 2008 నిబంధనల ప్రకారం అది ఏటా 3 శాతం, దానిపైన టోకు సూచీ పెరుగుదలలో 40 శాతం పెరుగుతుంది. సరుకుల సూచీ సేవ ధరను నడిపిస్తున్నదన్నమాట. ఇటు కేంద్ర పరిధిలోని కనీస వేతనాల్లో కరువు భత్యం పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల సూచీని బట్టి మారుతుంది. ఆ సూచీ మన ఇంటి ఖర్చును చూస్తుంది, మన పని విలువను కాదు.

ధర లేని సేవలు

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సూచీలోకి రావాలంటే ముందు ధర ఉండాలి. మన ఊళ్లలో శతాబ్దాలపాటు సేవలకు ధర లేదు, కులమే ఉంది. మాదిగ మోట కుట్టాడు, చెప్పులు కుట్టాడు, డప్పు కొట్టాడు, చచ్చిన గొడ్డును మోశాడు. కళ్లం దగ్గర మేర పేరుతో నాలుగు గింజలు కొలిచారు. ఆ కొలత బేరం కాదు, దొరగారి దయ. తెలంగాణ వెట్టిలో ఆ గింజలకూ గ్యారంటీ లేదు. బేరమాడే హక్కు లేనిచోట ధర పుట్టదు, అది లేనిచోట గణాంకమూ పుట్టదు. ఈరోజు హౌస్‌కీపింగ్ టెండర్లలో తక్కువ కోట్ చేసినవాడికి పని పోయేటప్పుడు, ఆ తక్కువ ధర వెనక ఈ చరిత్ర ఉంది. గణాంకశాస్త్రజ్ఞుడు దాన్ని 'మార్కెట్ ధర' అని రాసుకుంటాడు. పద్ధతి ప్రకారం అతను రాసింది సరే. ఆ మార్కెట్‌లో ఒకవైపు కులం నిలబడి ఉందని చెప్పే బాధ్యత మనది.

మనం చేయగల పని

లెక్కలు వాళ్లవి అని వదిలేయకుండా కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయని మేము అనుకుంటున్నాం.

మీ మునిసిపాలిటీ, యూనివర్సిటీ, ప్రభుత్వాసుపత్రి శుభ్రత కాంట్రాక్టు కాపీని సమాచార హక్కు చట్టం కింద తీసుకోండి. బిల్లు, మనుషుల సంఖ్య, విస్తీర్ణం, రోజుకు ఎన్నిసార్లు, చేతికి వచ్చే జీతం - ఈ ఐదు అంకెలు రెండు టెండర్లకు పక్కపక్కన రాయండి. పైన చేసినట్టే నాలుగు రకాలుగా శాతాలు కట్టండి. కార్మికుల దగ్గర కూర్చొని, కాగితం మీద లేని మార్పులు ఏమిటో అడిగి రాసుకోండి. 'ఉత్పాదకత' అన్న మాట చర్చల్లో వస్తే, ఏ ధరతో భాగించి చెప్తున్నారో అడగండి.

దేశంలో సేవల ఉత్పత్తిదారు సూచీ పూర్తిగా రూపుదిద్దుకునేటప్పుడు రెండు డిమాండ్లు పెట్టాలి. శుభ్రత, సెక్యూరిటీ, మనుషుల సరఫరా సేవలను మొదటి జాబితాలోనే చేర్చాలి. ఏజెన్సీ ఇచ్చిన ధరతో పాటు పని షరతుల్లో వచ్చిన మార్పును కార్మికుల నుంచి కూడా అడిగి నమోదు చేయాలి. ఇవి సాంకేతికంగా అసాధ్యమైనవి కావు. ఒప్పందం ధరను ఏళ్ల తరబడి వెంబడించే పద్ధతి ఇప్పటికే ఉంది. దానికి ఇంకో కాలమ్ కలపాలి, అంతే.